180 ఉండాల్సిన చోట 181.8: ఒక పంపు కేసింగ్ జామెట్రీని మెష్‌కి సిద్ధం చేసిన కేస్ స్టడీ

ఫైల్ శుక్రవారం సాయంత్రం వచ్చింది. తెరిస్తే పంపు కేసింగ్ బూడిదరంగులో నున్నగా మెరుస్తూ కనిపించింది. నత్తగుల్లలా చుట్టుకున్న వాల్యూట్, పైన డెలివరీ ఫ్లాంజ్ (నీరు బయటికెళ్లే పైపు బిగించే అంచు), ముందు సక్షన్ ఫ్లాంజ్ (నీరు లోపలికొచ్చే వైపుది), కింద రెండు కాళ్లు. మౌస్‌తో అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా లోపం కనబడలేదు. సోమవారానికి మెష్ (స్ట్రెస్ లెక్క కోసం ఆకారాన్ని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా కోయడం), బుధవారానికి రిజల్ట్స్ ఇస్తానని మేనేజర్‌కి మాట ఇచ్చేశాను.

ఆ మాట నిలబడలేదు. పని మొత్తం తొమ్మిది రోజులు పట్టింది. అందులో ఐదున్నర రోజులు జామెట్రీకే పోయాయి. అందులోనూ మొదటి రెండు రోజులు నా తొందరపాటు వల్ల వృథా అయ్యాయి. కాబట్టి దీన్ని విజయగాథగా చదవకండి.

పంపు ఎండ్ సక్షన్ సెంట్రిఫ్యూగల్ రకం. కేసింగ్ గ్రే కాస్ట్ ఐరన్, గ్రేడ్ ఎఫ్‌జీ 260. డిజైన్ ప్రెషర్ 10 బార్, నీటితో ప్రెషర్ పెట్టి చూసే హైడ్రో టెస్ట్ దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 15 బార్. ఆ 15 బార్ దగ్గర కేసింగ్‌లో స్ట్రెస్ ఎంత, వేర్ రింగ్ (అరుగుదలను తాను భరించే, మార్చుకోగల రింగు) కూర్చునే బోర్, అంటే గుండ్రని రంధ్రం, ఎంత సాగుతుంది, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కావాలి. మోడల్ చాలా పాతది. ఫీచర్ ట్రీ (ఆకారాన్ని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా గీశారో చెప్పే జాబితా) ఉన్న అసలు ఫైల్ కస్టమర్ దగ్గర కూడా లేదట. ఒక క్యాడ్ (కంప్యూటర్ డిజైన్) సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోడల్ పంపే ఫార్మాట్లు ఐజెస్, స్టెప్. కేసింగ్ ఐజెస్ ఫైల్‌గా వచ్చింది, కవర్ మాత్రం విడిగా స్టెప్ ఫైల్‌గా వచ్చింది. ఈ చిన్న తేడా ముందుముందు పెద్ద తలనొప్పి అయింది.

ఆకులున్నాయి, కుట్టు లేదు

ఐజెస్‌కి ఆఖరి వెర్షన్ 5.3 వచ్చింది 1996లో. ఇన్నేళ్లయినా పాత మోడళ్లు దాంట్లోనే వస్తుంటాయి. సాలిడ్‌ను సాలిడ్‌గా పంపే వీలు అందులో లేకపోలేదు, 186 నంబరు ఎంటిటీ ఉన్నది అందుకే. కానీ నా చేతికొచ్చే ఫైళ్లలో ఎక్కువగా కనిపించేది 144, అంటే ట్రిమ్ చేసిన సర్ఫేస్. ప్రతి సర్ఫేసూ తన అంచులు తాను మోసుకుని విడిగా వస్తుంది. పక్కన ఎవరున్నారో దానికి తెలియదు. మా కేసింగ్ 412 ముక్కలుగా వచ్చింది.

విస్తరి కుట్టడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మోదుగాకులు పక్కపక్కన పేరిస్తే దూరం నుంచి విస్తరిలాగే కనిపిస్తుంది. పుల్ల గుచ్చితే గాని అది విస్తరి కాదు. ఎక్కడ కుట్టు పడలేదో పప్పుచారు వడ్డించాకే బయటపడుతుంది. తెర మీద మెరిసే మోడల్ కూడా అంతే. తెర దాన్ని త్రిభుజాలుగా కోసి చూపిస్తుంది కాబట్టి 0.02 మి.మీ. చీలిక కంటికి ఆనదు. మెష్ వేసే ప్రోగ్రామ్, అంటే మెషర్, మాత్రం ప్రతి అంచునూ వేలు పెట్టి తడుముతుంది.

అసలు చీలికలు ఎందుకు వస్తాయని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. డిజైనర్ శ్రద్ధ లేక వస్తాయనుకుంటారు. అది సగమే నిజం. రెండు బైక్యూబిక్ సర్ఫేసులు (క్యాడ్‌లో వాడే ఒక రకం వంపు సర్ఫేసులు) ఒకదాన్నొకటి కోసుకుంటే పుట్టే గీత కచ్చితమైన సమీకరణం డిగ్రీ 324 దాకా వెళ్తుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు దాచుకోదు. తనకు సరిపడినంత దగ్గరగా ఒక ఉజ్జాయింపు గీత గీసుకుని, 'ఇదే అంచు' అనుకుంటుంది. అంటే దాదాపు ప్రతి క్యాడ్ మోడల్‌లోనూ ఇలాంటి అంచుల దగ్గర సన్నని సందు ఉన్నట్టే. 'ఇంత సందుంటే కలిసినట్టే' అన్న ఒప్పందం లోపల ఉంది కాబట్టి మనకు కనబడదు. చిక్కేమిటంటే ఆ ఒప్పందం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పారాసాలిడ్ అనే కెర్నల్ (క్యాడ్ లోపల ఆకారాలను లెక్కించే ఇంజిన్) 0.00001 మి.మీ. లెక్కన చూస్తే, కాటియా వీ5 అనే క్యాడ్ మామూలు స్కేల్‌లో 0.001 మి.మీ. లెక్కన చూస్తుంది. వంద రెట్లు తేడా. ఒక ఇంట్లో చుట్టమైనవాడు పక్కింట్లో పరాయివాడైనట్టు, అక్కడ కలిసి ఉన్న అంచులు ఇక్కడికొచ్చేసరికి విడిపోతాయి.

నా తప్పు

జామెట్రీ సరిచేసే స్పేస్‌క్లెయిమ్ సాఫ్ట్‌వేర్‌లో స్టిచ్, అంటే అంచులు కుట్టే కమాండ్, కొట్టాను. సాలిడ్ అవలేదు. ఎక్కడ చూసినా తెగిన అంచులే. టాలరెన్స్, అంటే ఎంత సందును కలిసినట్టే అనుకోవాలో ఆ హద్దు, పెంచాను. ఇంకా మిగిలాయి. ఇంకా పెంచాను. 0.5 మి.మీ. దగ్గరికి రాగానే అన్నీ మూసుకుపోయి, సర్ఫేసులన్నీ కలిసి ఒక్క సాలిడ్ అయింది. అప్పుడు శనివారం మధ్యాహ్నం రెండు. భోజనానికి వెళ్లిపోయాను.

తిరిగొచ్చి బరువు చూశాను. డ్రాయింగ్‌లో 46 కిలోలని ఉంది. నా మోడల్ ఘనపరిమాణాన్ని 7200 డెన్సిటీతో గుణిస్తే 47.4 వచ్చింది. మూడు శాతం ఎక్కువ. పోతపోసిన వస్తువు కదా, డ్రాయింగ్ మీద రాసిన బరువు కూడా ఎవరో ఉజ్జాయింపుగా వేసి ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా నాకు నా మీదే కోపం వచ్చేది ఈ క్షణానికే. తేడా కనబడింది, కారణం వెతకలేదు.

సోమవారం పొద్దున కవర్‌ని అసెంబ్లీలో పెట్టాను. కవర్ స్పిగాట్ (కేసింగ్‌లోకి దిగి కూర్చునే గుండ్రని భాగం) వ్యాసం 210 మి.మీ., కేసింగ్‌లో అది కూర్చోవాల్సిన బోర్ 212.1. చుట్టూ 1.05 మి.మీ. ఖాళీ. నిజం పంపులో ఆ ఫిట్ మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. ఆ ఖాళీ చూడగానే నా చెయ్యి మొదట వెళ్లింది పుల్ కమాండ్ మీదకి. కేసింగ్ బోర్‌ను 1.05 లోపలికి లాగితే కాంటాక్ట్ కుదిరిపోతుంది, పని ముందుకెళ్తుంది. నిజం చెప్పాలంటే లాగేశాను కూడా. తర్వాత బోల్టు రంధ్రాలు చూస్తే అవీ కలవడం లేదు. అక్కడ ఆగాను.

అప్పుడు చేసిన పని శుక్రవారం సాయంత్రమే చేయాల్సింది. మోడల్‌లో నాకు ముందే తెలిసిన కొలత ఒకటి వెతికాను. డెలివరీ ఫ్లాంజ్ డీఎన్ 100 (పైపు సైజు), పీఎన్ 16 (ప్రెషర్ తరగతి). స్టాండర్డ్ ప్రకారం బయటి వ్యాసం 220, ఎనిమిది రంధ్రాలు, వాటి పిచ్ సర్కిల్, అంటే రంధ్రాల కేంద్రాల గుండా పోయే వృత్తం వ్యాసం, 180. ఇది ఎవరి ఇష్టాన్ని బట్టీ మారేది కాదు. మారితే పైపు బిగుసుకోదు. మోడల్‌లో కొలిస్తే 181.8 వచ్చింది.

180ని 1.01తో గుణిస్తే 181.8. 210ని గుణిస్తే 212.1. 1.01ని మూడుసార్లు గుణించుకుంటే 1.03, బరువులో కనబడిన మూడు శాతం అదే. గ్రే ఐరన్ చల్లారేటప్పుడు మీటరుకి సుమారు 10 మి.మీ. కుంచించుకుంటుంది (దీన్నే ష్రింకేజ్ అంటారు) కాబట్టి, ప్యాటర్న్‌ను, అంటే పోత అచ్చుకు వాడే నమూనాను, ఒక శాతం పెద్దగా చేస్తారు. ఎవరో, ఎప్పుడో, ప్యాటర్న్ కోసమని మోడల్‌ను మొత్తంగా ఒక శాతం పెంచి సేవ్ చేసుకున్నారు. ఆ కాపీయే తిరిగి తిరిగి మా దాకా వచ్చింది.

ఇక్కడ ఒక మాట. మోడల్ అంతా ఒకే నిష్పత్తిలో పెరిగితే, లోపలి ప్రెషర్ వల్ల వచ్చే స్ట్రెస్ మారదు. కాబట్టి కేసింగ్‌ను ఒక్కదాన్నే విడిగా నడిపి ఉంటే స్ట్రెస్ సరిగ్గానే వచ్చేది, ఎవరూ పట్టుకునేవాళ్లు కాదు. కవర్ పక్కన పెట్టబట్టి దొరికింది. కానీ బోర్‌ను లాగి, మిగతా కేసింగ్‌ను ఒక శాతం పెద్దగానే వదిలేసి ఉంటే మాత్రం, అక్కడ గోడకు నిజంగా లేని మందం వచ్చి చేరేది. జవాబు చూడ్డానికి నమ్మదగ్గట్టే ఉండి, తప్పయ్యేది.

మళ్లీ మొదటినుంచి

సోమవారం సాయంత్రం పాత సాలిడ్‌ను పక్కన పడేసి, అసలు ఐజెస్‌ను మళ్లీ దింపి, ముందు 1.01తో భాగించాను. ఈ వరుస ముఖ్యం. స్కేల్ సరిచేయకుండా రిపేరు మొదలుపెడితే మనం పెట్టే ప్రతి టాలరెన్సూ తప్పు కొలత మీద పడుతుంది.

ఈసారి స్టిచ్‌ను చిన్న టాలరెన్స్‌తో మొదలుపెట్టి, ప్రతి మెట్టులో ఎన్ని తెగిన అంచులు మిగిలాయో రాసుకుంటూ వెళ్లాను. 0.005 దగ్గర 143 మిగిలాయి. 0.01 దగ్గర 58. 0.02 దగ్గర 27. 0.05 దగ్గరా 27. 0.1 దగ్గరా 27.

ఈ అంకెల్లో నాకు కావాల్సింది ఆ 27 కదలకుండా నిలబడటం. 0.02 దాకా తగ్గుతూ వచ్చినవి ఫైల్ మార్పిడిలో పుట్టిన సందులు, కుట్టేస్తే సరి. ఆ తర్వాత టాలరెన్స్ ఐదు రెట్లు పెంచినా ఒక్కటి కూడా తగ్గలేదంటే, మిగిలినవి సందులు కావు. వాటి కథ వేరే. నేను శనివారం చేసిందేమిటంటే, వేరే కథ ఉన్న ఆ 27 అంచుల్ని కూడా 0.5 అనే పెద్ద సూదితో బలవంతంగా కుట్టేయడం.

దాని ఫలితం ఎక్కడ పడిందో అప్పుడు చూశాను. శనివారం సాలిడ్‌నూ అసలు సర్ఫేసులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి దూరాలు కొలిస్తే, వేర్ రింగ్ బోర్ దగ్గర తేడా 0.4 మి.మీ. కనబడింది. రింగ్ ఆనుకునే చోట 0.4 ఎత్తున్న చిన్న మెట్టు ఉంది. దాని రెండు అంచుల మధ్య దూరం 0.5 కంటే తక్కువ కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఆ రెంటినీ ఒకటే అంచు అనుకుని కలిపేసింది. మెట్టు మాయమైంది. మాకు కావాల్సిన రెండు జవాబుల్లో ఒకటి సరిగ్గా ఆ బోర్ గురించే. బరువులో ఆ మెట్టు వాటా కొన్ని గ్రాములు. అంటే బరువు సరిచూసుకున్నా అది దొరికేది కాదు. స్కేల్ తప్పును బరువు పట్టిస్తుంది, మాయమైన మెట్టును పట్టించదు. దానికి దూరాలే కొలవాలి.

అప్పటినుంచి నేను పాటించే లెక్క ఒకటుంది. పార్ట్‌లో పనికొచ్చే అతి చిన్న ఫీచర్ ఎంతో ముందు కనుక్కుంటాను. స్టిచ్ టాలరెన్స్‌ను అందులో పదో వంతు దాటనివ్వను. ఇక్కడ చిన్న ఫీచర్ 0.4 కాబట్టి 0.04 హద్దు. 0.02 దగ్గరే ఆగాను.

మిగిలిన 27లో పదకొండు ఒక కాలి రిబ్ (బలం కోసం ఇచ్చే పలక) దగ్గర దొరికాయి. అక్కడ ఒకే ఫేస్ రెండుసార్లు ఉంది, ఒకదాని మీద ఒకటి పరుచుకుని. ఒకటి తీసేస్తే కుట్టు పడింది. ఇంకో పన్నెండు చోట్ల ఒకవైపు పొడవైన ఒకే అంచు, ఎదురుగా రెండు మూడు పొట్టి అంచులు. పొడవైనదాన్ని సరైన చోట విడగొడితే జతకుదిరాయి. ఈ రెండు రకాలకీ కలిపి ఒక పూట పట్టింది. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

నాలుగు అంచులు మిగిలాయి. అవి ఒక రంధ్రం చుట్టూ ఉన్నాయి.

నాలుక దగ్గర

వాల్యూట్ చుట్టు తిరిగి వచ్చి డెలివరీ గొట్టంలోకి మళ్లే చోట, నీటిని చీల్చే మొన ఒకటి ఉంటుంది. కట్‌వాటర్ అంటారు, టంగ్ అని కూడా అంటారు. అది రెండు పక్కగోడలనూ కలిసే మూలల్లో ఫిల్లెట్, అంటే మూలను గుండ్రంగా చేసే వంపు, ఉండాలి. సక్షన్ వైపు మూలలో ఫిల్లెట్ వచ్చింది. గ్లాండ్ (షాఫ్ట్ బయటికొచ్చే చోటి సీలు) వైపు మూలలో ఫేసే లేదు. ఎర్రటి అంచుల మధ్య ఖాళీ.

ఖాళీ ఉంటే ఫిల్ కొట్టడం అందరం చేసేదే. కొట్టాను. మూసుకుంది. సెక్షన్ తీసి చూస్తే ఆ అతుకు లోపలికి పొంగి ఉంది, గిన్నె మీద బిగించిన గుడ్డను వేలితో నొక్కినట్టు. అక్కడి వంపు ఏ రేడియస్‌కీ సరిపోలడం లేదు. ప్రెషర్ పెట్టినప్పుడు కేసింగ్‌లో అన్నిటికంటే ఎక్కువ స్ట్రెస్ వచ్చేది ఆ మూలలోనే. అక్కడి వంపును సాఫ్ట్‌వేర్ ఊహకు వదిలేస్తే, రిపోర్టులో రాసే అంకె కూడా ఊహే అవుతుంది.

ఫేస్ ఎందుకు రాలేదో రెండోవైపు చూస్తే తెలిసింది. అక్కడి ఫిల్లెట్ 6 మి.మీ. రేడియస్‌తో మొదలై, తగ్గుతూ తగ్గుతూ సున్నాకి చేరి ఒక బిందువు దగ్గర ముగిసింది. సున్నా రేడియస్ దగ్గర ఫిల్లెట్ ఫేస్‌కి వెడల్పు ఉండదు, రెండు అంచులు ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. అలాంటి కొసను ఒక కెర్నల్ నుంచి ఇంకో కెర్నల్‌కి మోసుకెళ్లడం చాలా కష్టం. ఒకవైపు ఎలాగో దాటింది, ఒకవైపు దాటలేదు. దాటినదానికి కూడా మెష్ పడలేదు. సూదిమొనలాంటి ఆ కొస దగ్గర ఎలిమెంట్లు నలిగిపోయాయి.

కస్టమర్ డిజైనర్‌కి ఫోన్ చేశాను.

"ఆ ఫిల్లెట్‌ను సున్నాకి ఎందుకు తగ్గించారండీ?"

"సార్, కావాలని కాదు. ఫిల్లెట్ ఎంత ట్రై చేసినా ఫెయిలవుతుంటే, చివర సున్నా పెడితే ఎర్రర్ రాలేదు. వదిలేశాం."

"మరి నిజం కాస్టింగ్‌లో అక్కడ ఎంత ఉంటుంది?"

కాసేపు ఆగి, "అది ప్యాటర్న్ షాపు వాళ్లనే అడగాలండి," అన్నారు. వాళ్ల ప్యాటర్న్ చేసిన షాపు మాకు దగ్గర్లోనే, బాలానగర్‌లో ఉందని అప్పుడే తెలిసింది. చిరునామా తీసుకుని గురువారం పొద్దున వెళ్లాను.

ఆ షాపులో పెద్దాయన కోర్ బాక్స్‌ను బయటికి తెప్పించారు. పంపు లోపలి ఆకారం ప్యాటర్న్‌లో ఉండదు, కోర్‌లో ఉంటుంది. కోర్ ఇసుకతో చేస్తారు, ఆ ఇసుకకు ఆకారమిచ్చేది కోర్ బాక్స్. నేను అడిగిన మూలలో ఆయన బొటనవేలితో రుద్ది చూపించారు. అక్కడ చెక్క లేదు, మైనం ఉంది.

"మూల పదునుగా వదిలితే ఇసుక నిలవదు సార్. బాక్సులోంచి తీసేటప్పుడే రాలిపోద్ది. మీ కంప్యూటర్లో సున్నా ఉంటే ఉండనీండి, మేం మైనం కొట్టేస్తాం."

రేడియస్ గేజ్ అడిగి తీసుకుని పెట్టి చూశాను. ఆ మూల పొడవునా 3 మి.మీ. కంటే తక్కువ ఎక్కడా లేదు. ఒక శాతం ష్రింకేజ్ తీసేసినా ఆ 3 మూడే.

వెనక్కొచ్చి, ఫిల్లెట్‌ను రెండువైపులా నేనే కట్టాను. ఒక చివర 6, రెండో చివర 3. సున్నా ఎక్కడా లేదు కాబట్టి కొస కూడా లేదు, మెష్‌కి చిక్కూ లేదు. క్యాడ్ ఫైల్‌లో లేని ఆకారాన్ని నేను కల్పించానా అంటే, అవును. కానీ ఆ ఫైల్ కంటే కోర్ బాక్స్‌లోని మైనమే పోతపోసిన కేసింగ్‌కి దగ్గర. ఫోన్లో డిజైనర్‌కి చెప్పి, మెయిల్లో ఒప్పుకున్నట్టు రాయించుకున్నాను. ఈ మెయిల్ లేకుండా ఇలాంటి మార్పు చేయకండి. రేపు ఏదైనా పగిలితే, ఆ ఫిల్లెట్ మీరు కల్పించిందే అవుతుంది.

సన్న పీలికలు

సాలిడ్ అయినంత మాత్రాన మెష్‌కి సిద్ధమైనట్టు కాదు. నీరు కారని విస్తరిలో కూడా చిరుగు పీలికలుంటాయి. వాల్యూట్ బయటి గోడ మీద ఒక ఫేస్ దొరికింది. పొడవు 38 మి.మీ., వెడల్పు 0.06. డ్రాఫ్ట్ (అచ్చులోంచి ప్యాటర్న్ తేలిగ్గా ఊడిరావడానికి ఇచ్చే వాలు) కోసం గీసిన విభజన గీత, రిబ్ అంచు పక్కనుంచి రాసుకుంటూ పోవడంతో పుట్టిన పీలిక అది. తప్పు జామెట్రీ కాదు, కుట్టు కూడా బాగానే ఉంది. కానీ నా ఎలిమెంట్ సైజు 5 మి.మీ. ఆ పీలికకు రెండువైపులా ఉన్న అంచులను మెషర్ గౌరవించి తీరాలి. 0.06 సైజులో ఎలిమెంట్లు వేస్తే ఆ ఒక్క గీత వెంటే ఆరువందలకు పైగా కావాలి, అక్కడినుంచి గోడ లోపలికి మెల్లగా పెద్దవవుతూ వెళ్లేసరికి మెష్ ఎక్కడికో పోతుంది. 5 సైజే వేస్తే ఎనభై రెట్లు సాగిన పేలికలు వస్తాయి. ఏది జరిగినా మనకు నష్టమే.

ఇలాంటివి పద్నాలుగు దొరికాయి. రెండు దారులున్నాయి. ఒకటి, పీలికను నిజంగా తీసేసి పక్క ఫేస్‌లో కలపడం. రెండు, వర్చువల్ టోపాలజీ. అంటే జామెట్రీని ముట్టుకోకుండా, 'ఈ రెండు ఫేసులూ ఒకటే అనుకో, మధ్య అంచును పట్టించుకోకు' అని మెషర్‌కి చెప్పడం. బయటి గోడ మీద, స్ట్రెస్ తక్కువ ఉన్న చోట్ల రెండోదే చేశాను. ఆకారం చెక్కుచెదరదు, అరగంటలో అయిపోతుంది. వేర్ రింగ్ బోర్ దగ్గర ఉన్న రెండింటిని మాత్రం నిజంగానే సరిచేశాను. ఎందుకంటే అక్కడ కాంటాక్ట్ ఉంది, ఆ ఫేస్ హద్దులు నాకు కచ్చితంగా కావాలి.

ఈ దశలో సాఫ్ట్‌వేర్ మారేవాళ్లకి ఒక హెచ్చరిక. ఎరుపు అంచు అంటే మెష్ సాఫ్ట్‌వేర్లు ఆన్సాలోనూ హైపర్‌మెష్‌లోనూ ఒకటే అర్థం, పక్కన ఫేస్ లేదని. పసుపు దగ్గరే పప్పులో కాలేస్తారు. ఆన్సాలో పసుపు అంటే రెండు ఫేసులు చక్కగా కలిశాయని. హైపర్‌మెష్‌లో దానికి ఆకుపచ్చ వాడతారు, అక్కడ పసుపు కనిపిస్తే మూడో ఫేస్ ఏదో వచ్చి తగులుకుందని. ఆన్సాలో పదేళ్లు పనిచేసి వచ్చిన మా సహోద్యోగి ఒకాయన హైపర్‌మెష్ తెర నిండా పసుపు చూసి, అంతా బాగుందని సంతకం పెట్టబోయారు.

తర్వాత తీసేయాల్సినవి. కేసింగ్ మీద ఉబ్బెత్తుగా ఉన్న బాణం గుర్తు, కాస్టింగ్ నంబరు అక్షరాలు, డ్రెయిన్ ప్లగ్ రంధ్రంలో ఎవరో ఓపిగ్గా చెక్కిన మరలు. అన్నీ తీసేశాను. అక్షరాల్లోనే 96 ఫేసులున్నాయి. బయటికి తిరిగిన గుండ్రని అంచుల్లో చాలావాటిని పదును చేసేశాను. లోపలికి తిరిగిన మూలల ఫిల్లెట్లను మాత్రం ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. తీసే ముందు చూడాల్సింది ఫీచర్ సైజు కాదు, బలం ఏ దారిన ప్రవహిస్తుందన్నది. 1.5 మి.మీ. ఎత్తున్న అక్షరం పోతే ఎవరికీ తేడా లేదు. 3 మి.మీ. ఫిల్లెట్ పోతే రిపోర్టే పోతుంది.

పక్క టీమ్‌లో సీఎఫ్‌డీ (కంప్యూటర్‌లో నీటి ప్రవాహం లెక్క) చేసేవాళ్లు కూడా ఇదే సాలిడ్ అడిగారు. వాళ్లకు కావాల్సింది లోపలి నీటి ఆకారం. వాళ్లు ముందు ర్యాపర్ అనే టూల్‌తో చుట్టేద్దామన్నారు. ర్యాపర్ చీలికలను పట్టించుకోదు, పైనుంచి ప్లాస్టిక్ కవర్ బిగించినట్టు చుట్టేస్తుంది. కానీ సెల్ సైజు తగినంత చిన్నది పెట్టకపోతే కట్‌వాటర్ మొనను మొద్దుబారుస్తుంది. నా సాలిడ్ అప్పటికే కుట్టుపడి ఉంది కాబట్టి దాన్నే వాడుకున్నారు.

మెష్, అంకెలు

శనివారం మెష్ పడింది. సెకండ్ ఆర్డర్ టెట్రాలు (అంచుల మధ్యలో కూడా నోడ్ ఉండే నాలుగు ముఖాల ఎలిమెంట్లు). మొత్తం మీద 5 మి.మీ., నాలుక మూలల్లో 1.5. గ్రే ఐరన్ పెళుసు కాబట్టి సాగే లోహాలకు చూసే వాన్ మీసెస్ స్ట్రెస్ కాక మ్యాక్సిమమ్ ప్రిన్సిపల్ స్ట్రెస్, అంటే గరిష్ఠ లాగుడు స్ట్రెస్, చూశాను.

ఆ మూలలో సైజును 3, 1.5, 0.75 అని సగం సగం చేస్తూ మూడుసార్లు నడిపాను. స్ట్రెస్ 68, 71, 72 మెగాపాస్కల్. నిలబడింది. కుతూహలం కొద్దీ ఫిల్లెట్ లేకుండా పదును మూలతో కూడా అదే మూడుసార్లు నడిపాను. 74, 92, 116 వచ్చాయి. ఇంకా సన్నం చేస్తే ఇంకా పెరుగుతుంది, దానికి అంతు ఉండదు. పదును మూలకు నిజమైన స్ట్రెస్ అంటూ ఒకటి లేదు. ఎవరైనా ఆ ఫిల్లెట్‌ను తీసేసి 3 మి.మీ. మెష్‌తో ఒక్కసారి నడిపి ఆపేస్తే, 74 చూసి బాగానే ఉందనుకుంటారు. అది 72కి దగ్గరగా ఉండటం కేవలం కాకతాళీయం.

ఎఫ్‌జీ 260 అంటే 260 మెగాపాస్కల్ బలం. దానికి 72 అంటే మూడున్నర రెట్ల పైన మార్జిన్. వేర్ రింగ్ బోర్ సాగుదల కూడా కస్టమర్ పెట్టిన హద్దు లోపలే ఉంది.

రిపోర్టుతోపాటు రెండు పేజీల జాబితా పంపాను. ఏ ఫేస్ తీసేశాను, ఏది కట్టాను, ఎందుకు, ఎవరిని అడిగి. అసలు సర్ఫేసుల నుంచి నా సాలిడ్ గరిష్ఠంగా ఎంత పక్కకు జరిగిందో కూడా రాశాను. కావాలని మార్చిన చోట్లు పక్కన పెడితే 0.02 మి.మీ. బరువు 46 కిలోలకు దగ్గరగా వచ్చింది. మొదటి పేజీలో మొదటి వరుస: ఫైల్ ఒక శాతం పెద్దగా ఉంది.

ఆ వరుస చదివి డిజైనర్ వెంటనే ఫోన్ చేశారు. ఆయన గొంతులో టెన్షన్. "సార్, ప్యాటర్న్ షాపుకి మేం పంపింది కూడా ఈ ఫైలే అయ్యుంటుంది. వాళ్లు మళ్లీ తమ ష్రింకేజ్ కలిపి ఉంటే రెండుసార్లు పెరిగినట్టు కదా?"

నాకూ గుండె ఝల్లుమంది. వెంటనే బాలానగర్ పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన నవ్వారు.

"ఆ సీడీ మేం తెరవనేలేదు సార్. డ్రాయింగ్ కాగితం ముందేసుకుని, మా ష్రింకేజ్ స్కేలు పెట్టి కొలుచుకున్నాం. డ్రాయింగ్‌లో నూట ఎనభై అని ఉందిగా."